పులి అయితే దూకాలి

కిరండూల్ ప్యాసింజరు శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టాక కిటికీ పక్క సీటు దొరికినవాళ్ళు ఇక లోపలికి తల తిప్పరు. ఆ రోజు మా మేనల్లుడు మాత్రం కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతిలో మడతపెట్టే రెండు తెరల నింటెండో డీఎస్ ఉంది, అమెరికాలో ఉండే బంధువులు వాడి వదిలేసినది. తెర మీద నల్లటి ఆకాశంలో రెండు ఓడలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతుంటే వీడి మొహం మాత్రం చీకట్లో నీలంగా వెలిగేది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ దారిలో 58 సొరంగాలు. బైలడిల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. వాడి చేతిలోని ఆటపెట్టెను రూపొందించింది కూడా జపాన్‌లోనే, క్యోటోలో.

"ఈ ఆట బాగుందా?" అని అడిగాను.

"బాగానే ఉంది మావయ్యా, కానీ ఓడ తొందరగా తిరగదు" అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే ఈ వ్యాసం రాస్తున్నాను. ఓడ తొందరగా తిరగకపోవడం ఆ ఆటలో లోపమా, గొప్పదనమా? చేతిలో పట్టుకుని ఆడే అంతరిక్ష యుద్ధం ఆటను, అందులోనూ పేరున్న సినిమానో టీవీ కథనో ఆధారం చేసుకుని వచ్చినదాన్ని, ఏ కొలతతో కొలవాలి? వాడు ఆడుతున్నది 'స్టార్ ట్రెక్: టాక్టికల్ అసాల్ట్'. స్టార్ ట్రెక్ టీవీలో మొదలై నలభై ఏళ్ళు నిండిన 2006లోనే డీఎస్‌కీ సోనీ పీఎస్పీకీ వచ్చింది. తయారుచేసింది క్విక్‌సిల్వర్, విడుదల చేసింది బెథెస్డా.

కొలత నాకు అరకు స్టేషన్‌లోనే దొరికింది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు అరుగు మీద ఇద్దరు పెద్దవాళ్ళు పులి-మేక ఆడుతున్నారు. సుద్దముక్కతో గీసిన త్రికోణం, దాని శిఖరం నుంచి కిందికి దిగే గీతలు, అడ్డంగా మరికొన్ని. పులులకు మూడు చింతగింజలు, మేకలకు పదిహేను గులకరాళ్ళు. తెలుగునాట పాత గుళ్ళ మండపాల్లో నాపరాళ్ళ మీద చెక్కి కనిపించే పటం అదే. ఈ ఆటలో ఎవరూ గర్జించరు, బొమ్మ లేదు, రంగు లేదు. అయినా చింతగింజ వైపు చూస్తే అది పులి అని తెలిసిపోతుంది. ఎందుకంటే అది దూకుతుంది. పక్కనున్న మేక మీదుగా, అదే గీత మీద, అవతల ఖాళీగా ఉన్న చోటుకు దూకి మేకను ఎత్తుకుపోతుంది. మేక దూకలేదు. పదిహేనూ పటం మీదికి వచ్చేదాకా కదలను కూడా కదలలేదు. దాని బలమంతా గుంపులో ఉంది. వెనక చోటు ఖాళీ లేకుండా ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులి ఏమీ చేయలేదు, మెల్లగా ముడుచుకుపోయి చివరికి కట్టుబడిపోతుంది. పులి స్వభావం, మేక స్వభావం నియమంలోనే ఉన్నాయి. పేర్లు తీసేసి రాయి, గింజ అని పిలిచినా ఆ ఆటలో వేట మిగిలే ఉంటుంది.

పేరున్న కథను ఆటగా మార్చినప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదే. ఆ పేరు కదలికగా మారిందా, లేక పెట్టె మీద అట్టబొమ్మగానే మిగిలిందా? తొంభైల్లో మా తిరునాళ్ళలో అమ్మిన బ్రిక్ గేమ్ గుర్తున్నవాళ్ళకు ఈ తేడా తెలుసు. దాని మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. అడ్డం పది, నిలువు ఇరవై గళ్ళు, అంతే తెర. అందులో కొన్ని గళ్ళు అటూ ఇటూ పేర్చి ట్యాంకు అనేవారు. ఆ ట్యాంకు ట్యాంకులాగే ఉండేది. మొహం తిప్పిన వైపే కాల్చేది, పక్క నుంచి వచ్చినవాడికి దొరికిపోయేది. అదే పెట్టెలో కారు అని పిలిచిన బొమ్మను మాత్రం పడవ అన్నా, చీమ అన్నా ఒకటే. గళ్ళు అవే, తెర అదే, ఒకదానికి స్వభావం ఉంది, రెండోదానికి లేదు.

అంతరిక్ష యుద్ధం ఆటల వంశం ఈ గుణంతోనే మొదలైంది. 1962లో అమెరికాలోని ఎమ్ఐటీలో పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద స్టీవ్ రస్సెల్, అతని స్నేహితులు 'స్పేస్‌వార్' తయారుచేశారు. రెండు ఓడలు, ఒకటి సూదిలా, ఒకటి ముక్కోణపు చీలలా. మధ్యలో ఒక నక్షత్రం. ఆ నక్షత్రం ఓడలను తన వైపు లాగుతుంది. ఒకసారి ఇంజను మండిస్తే ఓడ సాగుతూనే ఉంటుంది, ఆపాలంటే వెనక్కి తిప్పి మళ్ళీ మండించాలి. దానికి సినిమా పేరేమీ లేదు. ఉన్నది ఆకర్షణ, వేగం. ఆ రెండు నియమాలే ఆ తెరను ఆకాశం చేశాయి.

తర్వాత పేర్లు వచ్చాయి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది స్టార్ వార్స్‌నూ స్టార్ ట్రెక్‌నూ ఒకే గాటన కట్టేస్తారు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాకు జార్జ్ లూకాస్ రెండో ప్రపంచయుద్ధపు విమానాల పోరాట చిత్రాలు ముందు పెట్టుకుని ఆకాశ యుద్ధాలు కూర్చాడు. అందుకే అక్కడ ఓడలు గద్దల్లా వాలతాయి, తోక పట్టుకుని తరుముతాయి. స్టార్ ట్రెక్ తీరు వేరు. 1966 డిసెంబరులో ప్రసారమైన 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' భాగం జలాంతర్గామి యుద్ధం సినిమా 'ది ఎనిమీ బిలో' పోలికలో అల్లింది. కనిపించని శత్రువు, వేచి ఉండటం, ఊపిరి బిగబట్టి వినడం, ఒక్కసారిగా దెబ్బ. ఒకటి గద్ద పోరు, ఇంకొకటి సముద్రంలో పెద్ద ఓడల పోరు. ఒకదాని పేరు పెట్టి ఇంకొకదాని కదలిక ఇస్తే అది పులి అని పిలిచి మేకలా నడిపించడమే.

ఇక చేతి తెర సంగతి. గద్ద పోరుకు లోతు కావాలి. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడు, పైకి పోతున్నాడా కిందికి దిగుతున్నాడా అన్నది కన్నుకు తెలియాలి. గురి కూడా శత్రువు ఉన్నచోట కాదు, వాడు చేరబోయేచోట పెట్టాలి. అరకు చుట్టుపక్కల గూడేల్లో చైత్రంలో ఇటుకల పండగకు విల్లు పట్టి వేటకు వెళ్ళినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పరుగెత్తే జంతువుకు బాణం ముందే వేయాలి, ఎంత ముందు అన్నది దాని కాళ్ళు చూసి తెలుసుకోవాలి. చేతిపెట్టె తెర మీద శత్రువు నాలుగు చుక్కల బొమ్మగా మిగిలినప్పుడు చూడటానికి కాళ్ళేవి? 1989లో వచ్చిన గేమ్‌బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు చుక్కలు, నాలుగు ఛాయలు. 2001 నాటి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు 240 అడ్డం, 160 నిలువు. దానికి మూడు కొలతల బొమ్మను గీసే ప్రత్యేకమైన యంత్రాంగం లేదు, బొమ్మను పెంచుతూ తగ్గిస్తూ లోతు ఉన్నట్టు నమ్మించాలి. 2003లో ఆ యంత్రానికే వచ్చిన 'స్టార్ వార్స్: ఫ్లైట్ ఆఫ్ ది ఫాల్కన్' చిక్కుకున్నది ఇక్కడే. గద్ద పోరును మోయలేని తెర మీద గద్ద పోరు పెట్టారు. దూరం తెలియని చోట గురి అదృష్టమైపోతుంది. అదృష్టం మీద గెలిచినవాడికి తాను గెలిచానని అనిపించదు.

పెద్ద ఓడల పోరు అలా కాదు. అది సమతలం మీద జరిగినా చెడదు. ఇక్కడే 'టాక్టికల్ అసాల్ట్' తయారీదారుల తెలివి నాకు నచ్చింది. వాళ్ళకు వెనక ఒక వారసత్వం ఉంది. 1979లో స్టీఫెన్ వి. కోల్ 'స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్' అనే బల్ల మీది ఆట రూపొందించాడు. తేనెపట్టులా ఆరు భుజాల గళ్ళు గీసిన కాగితం, అట్టముక్కల ఓడలు. గడికి ఆరు పక్కలు కనుక ఓడకు ఆరు కవచాలు. ఒక పక్క కవచం చిరిగితే ఆ పక్కను శత్రువుకు చూపించకుండా ఓడను తిప్పుకోవాలి. ప్రతి విడతలోనూ ఓడకున్న శక్తిని పంచుకోవాలి. నడకకు ఎంత, ఆయుధానికి ఎంత, కవచానికి ఎంత అని కాగితం మీద రాసుకోవాలి. వేగంగా పోతే తుపాకీ చల్లారుతుంది, తుపాకీ నింపితే కాళ్ళు బరువెక్కుతాయి. ఫోటాన్ టార్పెడో అనే ఆయుధం నిండడానికి రెండు విడతలు పడుతుంది, అంతదాకా దెబ్బలు కాచుకోవాలి. ఈ బల్ల ఆటనే క్విక్‌సిల్వర్ 1999లో 'స్టార్‌ఫ్లీట్ కమాండ్' పేరుతో కంప్యూటర్ మీదికి తెచ్చింది. అదే చెయ్యి, ఏడేళ్ళకు, అరచేతి తెర మీదికి దాన్ని కుదించింది. అంటే మా మేనల్లుడు ఒళ్ళో పెట్టుకున్న ఆట ముత్తాత ఒక గళ్ళ పటమే. అరుగు మీది త్రికోణానికి వేలు విడిచిన బంధువు.

ఈ సంగతి తెలిశాక ఓడ తొందరగా తిరగకపోవడం వేరేలా కనిపిస్తుంది. పెద్ద ఓడ నెమ్మదిగా తిరిగితేనే ఎటు తిరగాలన్నది నిర్ణయమవుతుంది. చటుక్కున తిరిగే ఓడకు వీపు అంటూ ఉండదు, వీపు లేనివాడికి భయం లేదు, భయం లేనిచోట ఆలోచన పుట్టదు. పులి-మేకలో పులి ఒక్క అడుగు తప్పు వేస్తే దాన్ని సరిదిద్దుకునేలోపు మూడు మేకలు వచ్చి కూర్చుంటాయి. ఆ బరువే ఆటకు రుచి. చిన్న తెరకూ నెమ్మదితనం మేలే చేస్తుంది. బస్సు కుదుపులో, రైలు ఊపులో, బొటనవేలంత మీట మీద కొత్త ఆటగాడు పట్టు నిలుపుకోగలిగేది మెల్లగా సాగే పోరులోనే.

స్వభావం పరీక్షలోనూ ఈ ఆట సగానికి పైగా నెగ్గుతుంది. స్టార్ ట్రెక్ కథలో తలపడే రెండు పక్షాలైన ఫెడరేషన్ తరఫునా ఆడవచ్చు, క్లింగాన్ల తరఫునా ఆడవచ్చు. వైపు మారినప్పుడు చేతికి తేడా తెలుస్తుంది. ఓడకు మొహం ఎటుందో, వీపు ఎటుందో ఎప్పుడూ గుర్తు పెట్టుకోవాలి. కవచం పలచబడిన పక్కను దాచుకుంటూ, ఎదుటివాడి పలచని పక్క కోసం కాచుకుంటూ ఆడాలి. ఇది నిజంగా స్టార్ ట్రెక్ యుద్ధం. కెప్టెన్ కుర్చీలో కూర్చున్నవాడి యుద్ధం.

మెచ్చుకోలేనివి కూడా ఉన్నాయి. ఒంటరి ఓడలు రెండు తలపడినప్పుడు పోరు తరచుగా ఒట్టి గిరగిరా తిరగడంగా మారిపోతుంది. నీ వీపు నాకు, నా వీపు నీకు చూపించకుండా ఇద్దరూ ఒకే వలయంలో తిరుగుతారు. ఆ వలయాన్ని విరిచే కారణం పటంలో లేదు. స్పేస్‌వార్‌లో నక్షత్రం చేసిన పని అదే, ఇద్దరినీ లాగి వలయం చెడగొట్టేది. పులి-మేకలో త్రికోణపు శిఖరం ఆ పని చేస్తుంది, కిందికి దిగే గీతలన్నీ అక్కడ కలుస్తాయి కనుక అక్కడున్న పులికి దారులెక్కువ, దాన్ని అక్కడినుంచి కదిలించడమే మేకల మొదటి ఎత్తు. చోట్లన్నీ సమానమైన ఆకాశంలో ఎటు పోయినా ఒకటే. నా మటుకు ఈ ఆటలో పెద్ద వెలితి ఇది. తెర చిన్నదని సర్దుకోదగ్గ వెలితి కూడా కాదు, ఎందుకంటే నక్షత్రం పెట్టడానికి పెద్ద తెర అవసరం లేదు.

రెండు యంత్రాల మధ్య తేడా గురించి కూడా ఒక మాట చెప్పాలి. పీఎస్పీ తెర 480 అడ్డం, 272 నిలువు, ఓడలు అందంగా కనిపిస్తాయి. డీఎస్ తెర ఒక్కొక్కటి 256 అడ్డం, 192 నిలువు, ఓడలు గరుకుగా ఉంటాయి. అయినా ఈ ఆటకు నేను డీఎస్‌నే ఎంచుకుంటాను. పోరు ఒక తెర మీద, మీటలు, లెక్కలు ఇంకో తెర మీద ఉంటే కన్ను చిక్కుపడదు. ఇంకొకటి, మూత మూస్తే ఆట అక్కడికక్కడే నిద్రపోతుంది. బొర్రా గుహలు స్టేషన్ రాగానే మా మేనల్లుడు మూత మూసి వెదురుబొంగు చికెన్ కోసం దిగిపోయాడు. తిరిగి వచ్చి తెరిస్తే శత్రువు అదే దూరంలో, అదే కోణంలో నిలబడి ఉన్నాడు. చేతి ఆటకు ఇది చిన్న గుణం కాదు. ప్రయాణంలో ఆడే ఆట ప్రయాణానికి దారి ఇవ్వాలి.

అరకులో తిరుగు బండికి ఇంకా గంటకు పైగా ఉండటంతో ఆ అరుగు దగ్గర కూర్చున్నాం. మేకలు ఆడుతున్న పెద్దాయన పదమూడో రాయి పెట్టాడు. మా మేనల్లుడు చాలాసేపు పటం వైపు చూసి, "తాతా, ఈ పులికి వెనక ఖాళీ లేదు కదా" అన్నాడు. ఆయన తల ఎత్తకుండానే పద్నాలుగో రాయి వాడి చేతిలో పెట్టాడు. వాడు దాన్ని వెంటనే పెట్టలేదు. శిఖరం దగ్గర ఒకసారి, ఎడమ గీత మీద ఒకసారి ఆనించి చూసి, మళ్ళీ గుప్పిట్లోకి తీసుకున్నాడు.