అన్నిటికీ ‘ఎటాకే’

జంషెడ్‌పూర్‌లోని మా భాలుబాసాలో గుండెకు ఏమైనా ఒకటే మాట: “ఎటాక్ వచ్చిందట.” కాళ్లు వాచి ఆయాసపడే మామ్మకూ అదే, ఛాతీ పట్టుకుని చెమటలు కక్కే బాబాయికీ అదే, నడుస్తూ నడుస్తూ కుప్పకూలిన కుర్రాడికీ అదే. ఏళ్లుగా ప్రథమ చికిత్స నేర్పుతున్న నన్ను బాధపెట్టేది ఈ మాటే. పేరు తప్పితే చెయ్యాల్సిన పనీ తప్పుతుంది.

ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది తాతలు శ్రీకాకుళం వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చినవాళ్లే. అందుకే కంపెనీ భాషలోనే చెబుతాను. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే గొట్టం మూసుకుపోవడం. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. ఛాతీ మీద బరువు, చెయ్యో దవడో లాగడం, చల్లటి చెమట. షుగరున్నవాళ్లకు నొప్పే ఉండకపోవచ్చు. గ్యాసని సోడా తాగించి తెల్లవారేదాకా చూడొద్దు. ఆ రాత్రంతా కండరం చచ్చిపోతూ ఉంటుంది. నడిపించకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

గుండె వైఫల్యంలో పంపు ఆగదు, జోరు తగ్గుతుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి, పడుకుంటే ఊపిరాడక తల కింద దిండ్లు పెరుగుతాయి. ‘ఫెయిల్’ అన్న మాట వినగానే ఇంట్లోవాళ్లు ఆశ వదిలేసుకుంటారు. వదలొద్దు. మందులు వాడుతూ, ఉప్పు తగ్గించి, రోజూ బరువు చూసుకుంటూ ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లున్నారు.

మూడోది గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్. ఇది కరెంటు వ్యవహారం. గుండెను నడిపే విద్యుత్తు గాడి తప్పుతుంది, కొట్టుకోవడం ఆగిపోతుంది, మనిషి ఉన్నపాటున పడిపోతాడు. గుండెపోటే ఒక్కోసారి దీనికి దారితీస్తుంది. ఇలా ఆగిన గుండెకు దారి చూపిందీ కరెంటు మనిషే. షాకు కొట్టి చనిపోతున్న లైన్‌మెన్ల కోసం దారి వెతికిన విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆయన, ఇద్దరు సహచరులు ఛాతీని బయటినుంచే నొక్కి రక్తం నడిపించవచ్చని 1960లో ప్రకటించారు. ఈ రోజు నేను నేర్పేది అదే: రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా. సాయం వచ్చేదాకా ఆపకూడదు.

మా సందులో ఒకాయన పడిపోయినప్పుడు చుట్టూ పదిమంది ఉన్నారు. మొహాన నీళ్లు చల్లారు, అరికాళ్లు రుద్దారు. గొంతులోంచి గురకలా ఉండుండి ఒక శబ్దం వస్తుంటే “ఊపిరి ఉందిలే” అనుకున్నారు. అది ఊపిరి కాదు. గుండె ఆగాక కూడా కాసేపు వచ్చే ఎగశ్వాస. నేను వెళ్లేసరికి ఆ శబ్దం కూడా లేదు. నొక్కాను. ఆయన దక్కలేదు.

అప్పటినుంచి ప్రతి క్లాసూ ఆ శబ్దంతోనే మొదలుపెడుతున్నాను. నా గొంతుతోనే చేసి వినిపిస్తాను.