బరువు దిగే దారి

పుదుచ్చేరి చరిత్రలో పేరున్న గిడ్డంగి ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆనంద రంగ పిళ్లైది. ఫ్రెంచి కంపెనీకి దుబాసీగా చేసిన ఈ వర్తకుడు 1736లో మొదలుపెట్టిన దినచర్యలో ఆయన వక్కల గిడ్డంగి మాటిమాటికీ కనిపిస్తుంది. కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాసింది ఈయన పేరిటే. ఈ ఊళ్లో సరుకుకు చోటు వెతుక్కోవడం అంత పాత పని. తూర్పున సముద్రం, తక్కిన దిక్కుల్లో కొద్ది దూరం పోతే తమిళనాడు. నేల పెరగదు. తట్టాంచావడిలోనో మేట్టుపాళయంలోనో ఆరు మీటర్ల ఎత్తు షెడ్డు తీసుకుని, చేతికందే రెండు మీటర్ల దాకే సరుకు పేర్చిన వర్తకుడు మిగతా మూడింట రెండు వంతుల చోటుకు ఊరికే అద్దె కడుతున్నట్టే.

ఆ ఖాళీని వాడుకోవడానికి పుట్టినదే అంతస్తుల ర్యాకు. కింది ర్యాకుల కాళ్లే పైకి సాగి, నడుమ ఒక నడవా నేలను మోస్తాయి. ఆ నేల మీద మళ్లీ ర్యాకులు. మన ఇళ్లలోని అటకే ఇనుములో పెద్దదైందని చూసినవారికి అనిపిస్తుంది. కానీ దీని పనితనమంతా బరువు పైనుంచి మట్టిలోకి దిగే దారిని ముందుగా గీసుకోవడంలో ఉంది. ఆ గీత సరిగా ఉన్న చోట నాకు ఆ ఇనుము మీద గౌరవం కలుగుతుంది.

లెక్క చూడండి. చదరపు మీటరుకు అన్నీ కలిపి 500 కిలోలు, స్తంభానికీ స్తంభానికీ 3 మీటర్ల ఎడం అనుకుందాం. నడుమ ఉన్న ఒక్కో స్తంభం 9 చదరపు మీటర్ల భారాన్ని, అంటే నాలుగున్నర టన్నులను మోస్తుంది. దాని కింద బేస్ ప్లేటు 20 సెంటీమీటర్ల చదరం. కాంక్రీటుకు అది పెద్ద భారం కాదు. చదరపు సెంటీమీటరుకు పదకొండు కిలోల పైచిలుకు, అంతే. చిక్కంతా కాంక్రీటు కింద ఉన్న మట్టితో. చదరపు మీటరుకు 10 టన్నులు మోసే నేల అయితే అదే భారం సుమారు 67 సెంటీమీటర్ల చదరం మీద పరుచుకోవాలి. పాత గచ్చు పలచగా ఉంటే ప్లేటు దాన్ని పొడుచుకుని దిగిపోతుంది. అందుకే మంచి ఇంజనీరు ముందు గచ్చుకు చిన్న బెజ్జం వేయించి మందం కొలుస్తాడు. అవసరమైతే ఆ మేర తవ్వించి పునాది పోయిస్తాడు. సరుకు నిండాక ఎవరి కంటికీ పడని ఈ పనే మొత్తం కట్టడంలో నాకు అన్నిటికంటే నచ్చేది.

తర్వాత దూలాలు. 2.7 మీటర్ల ర్యాకు దూలం నిండు బరువుకు 13 మిల్లీమీటర్లకు మించి వంగకూడదన్నది స్థూలంగా పాటించే హద్దు. దూలం చివరి కొక్కేలు స్తంభం గాళ్లలో దిగుతాయి, వాటికో చిన్న పిన్ను అడ్డం. ఫోర్కు లిఫ్టు కింది నుంచి తగిలినా దూలం ఎగిరిపోకుండా పట్టి ఉంచేది వేలెడంత ఆ పిన్నే. ఐమూల పట్టీలు రెండు దిక్కులా ఉండాలి. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి దూరంగా సముద్రం కింద వచ్చిన భూకంపం, భారం నిలువుగానే కాక అడ్డంగానూ వస్తుందని గుర్తుచేసింది. అటకను షెడ్డు ట్రస్సుకు వేలాడదీయకూడదు. 2011 డిసెంబరు 30న వచ్చిన థానే తుపాను లాంటిది మళ్లీ వస్తే ఆ ట్రస్సుకు తన రేకులను పట్టుకోవడమే పని. ర్యాకు తన కాళ్ల మీద తాను నిలబడాలి.

నడవా నేలకు చెక్క పలకలూ వాడతారు, ఇనప రేకులూ వాడతారు. నా మొగ్గు జాలీ గ్రేటింగు వైపు. వెలుతురూ గాలీ కిందికి దిగుతాయి. మంటలు రేగితే స్ప్రింక్లరు నీటికి దారి ఉంటుంది, అయితే కింది అరలకు విడిగా స్ప్రింక్లర్లు ఉండాలి. ఈ ఊహ కొత్తది కాదు. పారిస్‌లో ఆన్రీ లబ్రూస్త్ జాతీయ గ్రంథాలయానికి కట్టిన, 1868లో తెరిచిన పుస్తకాల గదిలో ఇనప అంతస్తులకు జాలీ నేలలే వేశాడు. అద్దాల కప్పు మీద పడే పగటి వెలుగు అట్టడుగు అర దాకా చేరేది. దీపపు మంట పుస్తకాలకు ప్రమాదమైన కాలంలో అది ఎంత దూరపు చూపో! ఈనాటి గిడ్డంగి జాలీకి అదే పెద్దన్న.

కడలి గాలి మాత్రం పుదుచ్చేరి ప్రత్యేక పరీక్ష. రంగు పూసిన ఇనుము కోత అంచుల దగ్గర, గాళ్ల లోపల ముందు తుప్పు పడుతుంది. అన్ని కోతలూ అయ్యాక వేడి జింకులో ముంచి తీసిన ఇనుము ఖరీదు ఎక్కువే, కానీ ఈ ఊరికి అదే తగినది.

ఏ సరుకు ఎక్కడ అన్న పథకం మరో విద్య. రోజూ కదిలేది కింద, నడుముకూ ఛాతీకీ నడుమ. తేలికైనదీ అరుదుగా అడిగేదీ పైన. అంచున 1.1 మీటర్ల రెయిలింగు, కాలు తగిలి సామాను జారకుండా అడుగున పట్టీ. ప్యాలెట్టు ఎక్కించే చోట ఊగే గేటు చూడాలి: బయటివైపు తెరుచుకుంటే లోపలివైపు తానే మూసుకుంటుంది, కూలి ఎంత తొందరలో ఉన్నా అంచు ఎప్పుడూ తెరిచి ఉండదు. మనిషి మరుపును ముందే ఊహించి చేసిన ఆ చిన్న అమరిక ముందు నేను ఎంతసేపైనా నిలబడగలను.

ఇక ప్రతి వరుస మొదట్లోనూ ఏ అరకు ఎన్ని కిలోలో రాసిన పలక. అది ఇంగ్లీషులో ఉంటే చాలదు. ఇక్కడ తమిళంలో, అదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాంలో అయితే తెలుగులో, మూటెత్తే మనిషి మూట దించకముందే చదువుకునేంత పెద్ద అక్షరాలతో ఉండాలి.