తొట్టి అడుగున ఏం పరచాలి?

ఈ వారం కడపలో ఒక దుకాణంలోకి వెళ్తే ఒళ్లు మండింది. నీలం, గులాబీ రంగులు పూసిన రాళ్లు గాజుతొట్టిలో పోసి, వాటి మధ్య బతికున్న నీటిమొక్కలు గుచ్చి అమ్ముతున్నారు. వేరుకు తిండేదీ? పక్కనే తొట్టి అడుగున పరిచే జపాన్ మట్టి సంచులు. నల్లరేగడంటే నాకు ప్రాణం. కుందూ ఒడ్డున అంత మట్టి పెట్టుకుని, పరాయి మట్టికి డబ్బు పోయడమెందుకు?

నీళ్లు నిలిపే ముందు నేల చూసుకోవడం రాయలసీమకు పాత విద్యే. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని అందులో చెక్కించారు. గట్టి బంకనేల వాటిలో ఒకటి. ఆరు దోషాలూ చెప్పారు, చవుడు నేల అందులో ఉంది. అయితే ఆ పన్నెండింటిలోనే తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు కూడా ఉంది.

మన తొట్టిలో పోసేది మాత్రం బోరునీళ్లు. కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కట్టే నీళ్లు. నల్లరేగడిలోనూ సున్నపు గడ్డలుంటాయి. పైగా తడిస్తే ఉబ్బే మన్ను. మొక్క పీకి నాటిన ప్రతిసారీ తొట్టంతా బురదే. అడుగున గాలాడకపోతే కుళ్లిన గుడ్డు కంపు. పొలంలో నల్లరేగడి బంగారమే, తొట్టిలో మాత్రం వద్దు. జపాన్ మట్టికి నీటి కాఠిన్యం తగ్గించే గుణముంది కానీ, మన నీళ్లలో ఆ గుణం తొందరగా అయిపోతుంది.

అందుకే పెన్నా ఇసుకో తుంగభద్ర ఇసుకో తీసుకోండి. మరీ సన్నం కాకుండా, కాస్త గరుకుగా ఉండాలి. నీళ్లు తేటపడేదాకా కడిగి రెండంగుళాలు పరచండి. ముందు గుప్పెడు ఇసుక ఆరబెట్టి నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగొస్తే సున్నం ఉన్నట్టే, పారేయండి. బేతంచర్ల నాపరాయి గోకిన పొడి మీద పిండితే ఆ నురగ ఎలా ఉంటుందో తెలుస్తుంది. వేరుతో తినే మొక్కల మొదట్లో ఎర్రమట్టి గోళీలు ఎండబెట్టి గుచ్చితే చాలు.

అసలు ఎంచుకోవాల్సింది మొక్కని. వాలిస్నేరియా, హైడ్రిల్లా పెట్టండి. సున్నపు నీళ్లలో కరిగి ఉండే బైకార్బనేట్ నుంచి కూడా అవి కర్బనం తీసుకోగలవు.