క్రీడాభిరామమునందలి సరససల్లాపము

అమరసింహుఁడు శబ్దాదివర్గమున లప్ ధాతువునుండి పుట్టిన పదములను వరుసగా పేర్కొనినాఁడు. పలుకరించుట ఆలాపము, మరల మరల పలుకుట అనులాపము, ఏడ్చుచు పలుకుట విలాపము, విరోధించి పలుకుట విప్రలాపము, ఉన్నదానిని మఱుగుపఱచి పలుకుట అపలాపము, ప్రయోజనము లేక పలుకుట ప్రలాపము, ఇరువురు పరస్పరము పలుకుకొనుట సంలాపము. ధాతు వొక్కటియే. ఉపసర్గము మాఱినంతనే పలుకుయొక్క గుణము మాఱినది. సంలాపమే పరసవర్ణముచే తెలుఁగున సల్లాపమైనది. పొద్దుపుచ్చుటకై ఇద్దఱు మిత్రులు వీథివెంట నడచుచు చూచినదాని నెల్ల అడుగుచు, ఒకరినొకరు మేలమాడుచు పలుకు పలుకులు ప్రలాపములా, సల్లాపములా? క్రీడాభిరామముయొక్క యోగ్యత యంతయు ఈ ప్రశ్నకు చెప్పెడి సమాధానముపై నిలిచియున్నది.

రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుఁగుసేతగా వినుకొండ వల్లభరాయని పేర నీ వీథి వెలసినది. మూలము నేఁడు లభింపదు. తెలుఁగు కృతిని మానవల్లి రామకృష్ణకవిగారు తొలుత వెలుఁగులోనికి తెచ్చిరి. 1928లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో ప్రకటించి ఇది శ్రీనాథుని రచనయని వాదించిరి. కర్తృత్వవివాద మెట్లు తీరినను గ్రంథముయొక్క రసవిచారమునకు దాన కలుగు లోపము లేదు. లోపము వేఱొకచోట కలిగినది. ఈ కృతిని చదువువారు రెండు తెగలైరి. ఒక తెగవారు ఇది అశ్లీలమని పుస్తకము మూసిరి. రెండవ తెగవారు ఇది సాంఘికచరిత్రకు గని యని త్రవ్వుకొనిరి. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్రము 1949లో వెలువడిన పిదప ఈ రెండవ పఠనమే ప్రబలినది. ఆ మహనీయుఁడు చేసిన మేలు గొప్పది. కాని మొదటివారు పలుకులలోని బూతును మాత్రము వినిరి. రెండవవారు పలుకులలోని వస్తువును మాత్రము ఏఱుకొనిరి. పలుకుకొను నిద్దఱిని వినినవా రరుదు.

వీథికి లాక్షణికులు చెప్పిన లక్షణమును చూచినచో ఈ యుపేక్ష ఎంత యనుచితమో తెలియును. వీథి ఏకాంకము, పాత్ర మొకటి గాని రెండు గాని, కైశికీవృత్తి, శృంగారము సూచ్యము. దానికి భరతుఁడును, ధనంజయుఁడును పదుమూఁడంగములు చెప్పిరి. ఆ యంగములలో పెక్కు మాటలాడు తీరులే. గూఢార్థమగు పదమును ప్రశ్నోత్తరమాలచే విప్పుట ఉద్ఘాత్యకము. లేని గుణములను కల్పించి ఒకరినొకరు పొగడుకొని నవ్వించుట ప్రపంచము. ఉక్తిప్రత్యుక్తులచే హాస్యము పుట్టించుట వాక్కేళి. ఒకని మాటను మించి మఱొకఁడు పోటీపడి పలుకుట అధిబలము. నవ్వుతోఁ గూడిన పొడుపుమాట నాలిక. అనఁగా రచ్చబండపై కూర్చుండి నలుగురు ఆడుకొను మాటల తెఱఁగులనే శాస్త్రకారులు ఏఱి, పేరుపెట్టి, రూపకమునకు శరీరముగా విధించిరి. ఇతిపాత్రతలేని మాటలని లోకము త్రోసివేసినవానికి శాస్త్రము పీట వేసినది.

భాణముతో పోల్చి చూచిన వీథి వైలక్షణ్యము స్ఫుటమగును. భాణమున విటుఁ డొక్కఁడే వీథివెంట తిరుగును. ఎదుటివాని మాటను తానే ఆకాశమునుండి వినినట్లు నటించి తానే అనువదించును. రామకృష్ణకవిగారే రామనాథశాస్త్రిగారితో కలసి 1922లో ప్రకటించిన చతుర్భాణి యీ జాతికి ఉత్తమోదాహరణము. అందలి హాస్యము తీక్ష్ణము. కాని తీర్పరి యొక్కఁడే. విటుని మాటను కాదనువాఁడు రంగముపై లేఁడు. వీథిలో రెండవపాత్రము ప్రవేశించినంతనే న్యాయము మాఱినది. పలికినవాఁడు ప్రత్యుత్తరమునకు లోఁబడవలసినవాఁ డైనాఁడు. క్రీడాభిరామమున గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలో నడచుచుండఁగా, ఒకఁడు విప్రుఁడు, ఒకఁడు వైశ్యుఁడు, ఇద్దఱును సఖులు. కులమును, వృత్తియు వేఱైన యిద్దఱిని జంట చేయుటలోనే కవియుక్తి యున్నది. ఇద్దఱి చూపు లొక్కటి కావు. కావుననే ప్రశ్న పుట్టుటకు తావు కలిగినది.

ఆ ప్రశ్నలకు ప్రాణము కుతూహలము. వారికి నగరమున రాచకార్యము లేదు. చూచుటయే వారి కార్యము. మైలారదేవుని వీరభటుల సాహసములు చూతురు. పలనాటి వీరుల కథను పాడఁగా విందురు. ఏకవీరాదేవిని కొలుతురు. కోడిపందెములు, తగరుపోరులు చూచి ఆగుదురు. ప్రతాపరుద్రుని వెలయాలగు మాచల్దేవి చిత్రశాలాప్రవేశోత్సవ మని తెలిసి ఆ వైపు పోదురు. ఈ వరుసకు శాస్త్రీయమైన క్రమము లేదు. కాలికి తగిలినదే క్రమము. కుతూహల లక్షణమే యిది. అది ముందుగా ప్రయోజనమును లెక్కించుకొని బయలుదేఱదు.

పూటకూళ్లయింటి పద్యము నొక్కదానిని తఱచి చూచినను చాలును. లక్ష్మణవజ్ఝల యింట దొరకు భోజనమును కవి అన్నము మొదలు పెరుగు వఱకు వరుస పెట్టినాఁడు. నడుమ గోధుమపిండివంట, పంచదార, ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు. ఇవి యన్నియు చెప్పి పద్యము చిట్టచివరి పదముగా ధరను నిలిపినాఁడు: ఒక్క రూక. చరిత్రకారుఁడు ఇందు ఆనాఁటి ధరవరలను చూచును; అది యుక్తమే. కాని ధర చివర నిలుచుటకు కారణము చరిత్ర గాదు, సంభాషణము. ఆకొన్న మిత్రునికి ముందు నోరూరించి, పిదప వెల చెప్పి ఆశ్చర్యపెట్టుట మాటకారి నేర్పు. రూకను మొదట చెప్పి వంటకములను తరువాత చెప్పినచో అది పద్దు అయ్యెడిది. చివర చెప్పుటచే పలుకైనది.

ఇఁక పరిహాసము. టిట్టిభుఁ డను పేరే నవ్వునకు పునాది. టిట్టిభ మనఁగా తీతువుపిట్ట. ధ్వన్యనుకరణముచే ఏర్పడిన శబ్దము. పంచతంత్రమున సముద్రముతో పంతము పట్టిన పక్షి. అట్టి పేరు సెట్టికి పెట్టి కవి అతనిని మంచనశర్మ ప్రక్కను నడపించినాఁడు. తెలుఁగున సరసము వేఱు, ఎకసక్కెము వేఱు. సరసమున నవ్వఁబడినవాఁడును నవ్వును. ఎకసక్కెమున నవ్వినవాఁడు మాత్రమే నవ్వును. మిత్రులిద్దఱి నడుమ జరుగునది సరసము. ఒకని మాటకు మఱొకని మాట సిద్ధముగా నుండుటచే గాయము నిలువదు, తూఁకము చెడదు.

కుతూహలమును, పరిహాసమును ఒకదానికొకటి రక్షయని ఈ కృతి తెలుపుచున్నది. పరిహాసము లేని కుతూహలము పట్టికయగును. ఊరిలోని వస్తువుల లెక్క మిగులును, ఊరు మిగులదు. కుతూహలము లేని పరిహాసము తిట్టగును. ఎదుటివానిని తెలిసికొనఁగోరక నవ్వుటకు వేఱు పేరు లేదు. రెండును కలసినపుడే అది సల్లాపము.

చరిత్రార్థులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఓరుగల్లు 1323లో ఢిల్లీసేనల వశమైనది. ఈ తెలుఁగు వీథి 15వ శతాబ్దారంభమునాఁటిదని పలువురి మతము. కావున కవి వర్ణించిన కాకతీయ రాజధాని ఆయన కన్నుల యెదుట నున్నది గాదు. మూలమునుండి వచ్చిన దెంత, తన కాలమునుండి చేర్చిన దెంత యని ప్రతి పద్యముకడను సంశయింపవలసియున్నది. అయినను పాఠకునికి ఆ నగరము గతించినదని తోఁచదు. పాడైనదానికై విలపించుటకు కవి పూనుకొనలేదు. ఇద్దఱు మిత్రులను అందు నడపి, ఇది యేమి, అది యేమి యని అడిగించినాఁడు. విలాపము చేయలేని పనిని సంలాపము చేసినది.

గుణము చెప్పిన నోటనే దోషమును చెప్పవలెను. వీథిలో తమ పని తాము చేసికొనుచున్న స్త్రీలపై మిత్రు లిద్దఱు కన్ను వేసి పలికిన పద్యములు కొన్ని గలవు. అశ్లీలమని వీనిని దూఱుట సులభము. కాని దోషముయొక్క స్వరూప మది గాదు. శృంగారము వీథికి విహితమే. ఆకాశభాషితముచే మూఁడవవారి ప్రత్యుక్తి వినఁబడునట్లు చేయుటకు శాస్త్రమున మార్గమును కలదు. ఆ ప్రత్యుక్తి వినఁబడినచోట హాస్యము నిలిచినది. వినఁబడనిచోట పలుకఁబడిన స్త్రీకి మాట లేదు. వినుచున్నదో లేదో యను నెఱుకయు లేదు. అచట మిథోభాషణము తప్పినది. సరసము ఎకసక్కెమునకు జాఱినది. వీథి తన లక్షణమునుండియే తొలఁగినది. ఈ దోషమును బయటి నీతిచే గాక, కృతి తాను స్వీకరించిన నియమముచేతనే నిర్ణయించుట న్యాయము. అట్లు నిర్ణయించినచో త్రోసివేయవలసినవి కొన్ని పద్యములే; గ్రంథము గాదు.

నవ్వు నాలుగు విధముల చేటని పెద్దలందురు. ఆ మాట ఎకసక్కెమునకు చెల్లును. సల్లాపమునకు చెల్లదు. పాఠశాలలో ఈ వీథినుండి యోగ్యభాగములను చెప్పెడి పండితులు పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుటకు ముందు ఇద్దఱు విద్యార్థులను నిలువఁబెట్టి, ఒకనిచే మంచనశర్మ మాటలను, ఒకనిచే టిట్టిభసెట్టి మాటలను చదివింపవలెను. కఠినపదములు కొన్ని అప్పటికి తెలియకున్నను కొఱత లేదు. ఒకఁడు అడుగుచున్నాఁడు, ఒకఁడు బదులు చెప్పుచున్నాఁడు అను నెఱుక కలిగిన చాలును. అర్థమును వారే అడుగుదురు. అడిగినపుడు చెప్పిన యర్థము నిలుచును.