ఏప్రిల్ తర్వాత వచ్చే ఫిబ్రవరి

పెళ్లి 1720 ఏప్రిల్‌లో, బిడ్డ బాప్తిస్మం 1720 ఫిబ్రవరిలో. వలసపాలన నాటి మసాచుసెట్స్ చర్చి పుస్తకంలో ఇలా కనిపిస్తే మనం ముసిముసిగా నవ్వుకుంటాం. వంశచరిత్ర తవ్వేవాళ్లు నవ్వరు, పంచాంగం తీస్తారు. 1752 దాకా బ్రిటిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే ఆ ఏడు ఏప్రిల్ ముందు వచ్చింది, ఫిబ్రవరి తర్వాత వచ్చింది! పెళ్లైన పది నెలలకు బాప్తిస్మం. ఆ తల్లి పరువు మూడు వందల ఏళ్లకు నిలబడింది. ఉగాదికి ఏడు మారే మనకు ఇది వింతగా తోచకూడదు.

జార్జ్ వాషింగ్టన్ కుటుంబ బైబిల్లో ఆయన పుట్టింది 1731/2 ఫిబ్రవరి 11న. అందరికీ తెలిసింది 1732 ఫిబ్రవరి 22. రెండూ నిజమే: మొదటిది పాత పంచాంగం లెక్క, రెండోది కొత్త పంచాంగం లెక్క.

వంశచరిత్ర తవ్వేవాళ్లలో నాకు నచ్చేది వాళ్ల అనుమానం. ‘జూనియర్’ అని ఉంటే కొడుకే అనుకోరు. ఆ రోజుల్లో అదే ఊళ్లో అదే పేరున్న చిన్నవాడెవడైనా జూనియరే. సమాధి రాయినీ నమ్మరు, చావుకీ చెక్కడానికీ మధ్య ఏళ్లు గడిచి ఉండొచ్చు. వీలునామా కోర్టుకెక్కిన తేదీ దొరికితే మాత్రం ప్రాణం లేచొస్తుంది: ఆ నాటికి మనిషి పోయినట్టే కదా! ఏదీ తేలకపోతే, రెండు తేదీలనూ పక్కపక్కనే రాసి, ఏది ఎక్కడ దొరికిందో కింద రాసిపెడతారు.