రోమన్ నాణెంపై రెండు చేతివ్రాతలు

సోలై నగర్ తీరానికి దక్షిణంగా, పుదుచ్చేరి పట్టణం దాటిన పిదప, అరియాన్‌కుప్పం నది ఒడ్డున అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపి, ఇటలీ పాత్రల పెంకుల ఆధారంగా కాలనిర్ణయం చేసిన నాటినుంచి ఈ తీరానికి రోముతో గల సంబంధం సుప్రసిద్ధమైనది. అయితే పెంకులపై కుమ్మరి ముద్ర ఉంటుంది. రాజ్యం మాట్లాడేది నాణెంపైన. ఆ మాటను మనం సగమే విన్నామని నా అభిప్రాయం.

ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 వెండి దెనారియస్‌లు లభించాయి. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ నాణేలపై పరమేశ్వరీ లాల్ గుప్తా రచించిన గ్రంథం 1965లో వెలువడింది. దక్షిణాపథపు వెండి నిక్షేపాలలో తరచుగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది ఔగుస్తస్‌ది. ముందువైపు అతని శిరస్సు, 'దివ్యుని కుమారుడు, దేశపిత' అన్న బిరుదులు. వెనుకవైపు డాళ్లు, ఈటెలతో నిలిచిన ఇద్దరు యువకులు, వారి పైభాగాన యాజ్ఞిక గరిటె, శకునజ్ఞుని వంకర కర్ర. చుట్టూ 'సి ఎల్ కాయెసారెస్' అని మొదలయ్యే లేఖనం. గాయుస్‌కు 'సి' ఎందుకని పాఠకుడు తడబడవచ్చు. లాటిన్‌కు 'గ' అక్షరం ఏర్పడక పూర్వపు ఆచారమది. వీరు చక్రవర్తి మనుమలు, దత్తపుత్రులు, భావి కాన్సులులు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయుస్ క్రీ.శ. 4లో మరణించారు. నాణెం ప్రకటించిన వారసత్వం నిలువలేదు. నాణెం మాత్రం సముద్రాలు దాటింది. దీనిని ముద్రించిన లుగ్దునుం ఫ్రాన్సులోని నేటి లియోన్ నగరమే కావడం పుదుచ్చేరివాసికి ఒక చిన్న ముచ్చట.

రెండవది తిబేరియస్‌ది. వెనుక రాజదండం, కొమ్మ ధరించి ఆసీనురాలైన స్త్రీ. 'పాంటిఫ్ మాక్సిమ్', అనగా ప్రధాన పురోహితుడు, అన్న లేఖనం. ఆ స్త్రీని రాజమాత లివియాగా పలువురు గుర్తించారు. కాని లేఖనం ఆమె పేరు చెప్పదు. బిరుదు రాజుది, బొమ్మ ఆమెది. ఈ రెంటినీ కలిపినది మన ఊహయే. దానిని నిర్ధారణగా వ్రాయడం సరికాదు.

ఇంతకన్న ముఖ్యమైన పాఠం వేరొకటి ఉన్నది. 1898లో పుదుక్కోట్టై ప్రాంతంలో దొరికిన 501 బంగారు నాణేలలో 461 నాణేలపై చక్రవర్తి శిరస్సు మీదుగా ఉలిగాటు ఉన్నది. బంగారం నాణ్యతను పరీక్షించిన గాటని కొందరన్నారు. పరీక్షకైతే అంచున చిన్న నొక్కు చాలును. సరిగా ముఖాన్నే, అన్నిసార్లు నరకవలసిన అవసరం లేదు. ద్వేషంతో చేసిన పని అనడమూ కష్టమే. ద్వేషించినవాడు కరిగించి ఉండేవాడు. ఇక్కడ లోహాన్ని భద్రంగా ఉంచుకొని, దానిపైనున్న అధికారాన్ని మాత్రం రద్దు చేశారు. నాణెంగా వచ్చినది బంగారపు తునకగా నిలిచింది.

ఈ గాటును పట్టికలలో లోపంగా, శిథిలతగా నమోదు చేసే అలవాటును నేను అంగీకరించలేను. రోమన్ అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి చదివే పండితుడు, వాటిపై ఈ నేల మనిషి చెక్కిన ఏకైక రేఖను దెబ్బగా భావించడం అర్ధపఠనమే. ఇకనైనా వర్ణనపట్టికలలో గాటు దిశ, లోతు, అది తాకిన అక్షరాలు ప్రత్యేక లేఖనంగా నమోదు కావాలి. ముందువైపు, వెనుకవైపు అనే రెండు గడుల ప్రక్కన దానికొక మూడవ గడి చేర్చడం పెద్ద శ్రమ కాదు.