దోషి లేని విడాకులు

మా పెళ్ళి రెండేళ్ళు నడిచింది. పిల్లల్లేరు. ఇద్దరం ఒకే లాయరు దగ్గరికి వెళ్ళి, పరస్పర అంగీకారంతో విడిపోయాం. ‘అసలేం జరిగింది? కొట్టేవాడా? తాగేవాడా? ఇంకెవరైనా ఉన్నారా?’ అని అందరూ అడిగారు. అవేవీ కావంటే నమ్మలేదు. ఆలోచిస్తే, నేను చదివి పాఠాలు చెప్పిన నవలలు కూడా నన్ను ఇవే ప్రశ్నలకు అలవాటు చేశాయనిపించింది.

చలం ‘మైదానం’ (1927)లో రాజేశ్వరి భర్తను వదిలి వెళ్తుంది. వెళ్ళడానికి అమీర్ ఉన్నాడు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’లో వెంకట్రావు దాష్టీకం చూశాక, జానకి బయటపడితే చాలుననుకుంటాం. ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) ఇంకో అడుగు ముందుకు వేసింది. పెళ్ళిలో తన స్వేచ్ఛకు చోటు లేకపోవడమే అరుణకు తగినంత కారణం. అయినా అక్కడా ఒకరు అడ్డుపడాలి, ఇంకొకరు పోరాడాలి. ఈ నవలలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గడప దాటడమే నేరమన్న సమాజంలో స్త్రీ తరఫున సాక్ష్యం పోగుచెయ్యక తప్పలేదు.

హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ ఈ సాక్ష్యం అడగదు. ఏడాదిగా విడిగా ఉంటున్నాం, కలిసి ఉండలేకపోయాం, ఇద్దరం ఒప్పుకున్నాం అంటే చాలు. ఆపైన కనీసం ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఈ గడువును సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘అంగీకారం’ అన్న మాట వెనక, ఎలాగైనా బయటపడాలని భరణం వదులుకున్న ఆడవాళ్ళు ఉంటారని తెలుసు. ఉద్యోగం ఉంది కాబట్టి నాకా ఇబ్బంది రాలేదు.

ఆ ఆరు నెలల్లో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతని నేరాల చిట్టా రాశాను. నా థీసిస్‌లో ఒక్క అధ్యాయమైనా చదవలేదు, అడగకుండా చుట్టాలను పిలిచాడు... చదువుకుంటే అన్నీ నిజాలే. మేం విడిపోయింది మాత్రం వాటివల్ల కాదు. జానకికున్నంత కారణం నాకూ ఉండాలని, దెబ్బలు తిన్న ఆడవాళ్ళ సాక్ష్యాన్ని అరువు తెచ్చుకోబోయాను. చిట్టా చింపేశాను.

‘పిల్లల్లేరు, నయం’ అన్నారు చాలామంది, ఏమీ పోనట్టు. తీర్పు రోజు కోర్టు బయట ఇద్దరం టీ తాగాం. ‘అమ్మ మందుల చీటీ నీ దగ్గరుందా?’ అనడిగాడు. నా బ్యాగులోనే ఉంది. తీసిచ్చాను. ఎవరినీ దోషిని చెయ్యకుండా, ఆ చీటీ ఇచ్చేటప్పటి దుఃఖాన్ని రాసే నవల కోసం నేనింకా వెతుకుతున్నాను.